మజ్జిగ బానల వెనక రాకుమారుడు

వచ్చారూ? పెళ్ళివారి గోలకి తల వాచిపోయి, ఈ మూల గదిలో కాస్త నడుం వాలుద్దామని చాప పరుచుకున్నానో లేదో, దండయాత్రకి వచ్చేశారు. సరే, కూర్చోండి. ఆ దిండు జోలికి మాత్రం రాకండి. ఒక్క కథ చెప్తాను. ఊఁ కొట్టండి చాలు, ప్రశ్నలు వెయ్యకండి. పొద్దుట్నుంచి వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ జవాబులు చెప్పి చెప్పి నా దవడలు పీకుతున్నాయి.

అనగనగా కనకవీడు అని ఒక రాజ్యం, దానికి ప్రతాపసేనుడని ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ముగ్గురే ఎందుకని అడగకండి, కథల్లో రాజులకి అంతే పుడతారు. పెద్దవాడు జయకేతుడు, నోరు విప్పితే మాటలు గలగలా పడేవి. రెండోవాడు మధుకేతుడు, పాట ఎత్తుకున్నాడంటే సభంతా తలలూపాల్సిందే. మూడోవాడు నీలకేతుడు. మంచివాడే, తెలివైనవాడే, కత్తి తిప్పడం వచ్చు, గుర్రమెక్కడం వచ్చు. పదిమందిలో కూర్చోబెడితే మాత్రం కాసేపటికే నీరుగారిపోయేవాడు. జ్వరమూ కాదు, ఒళ్ళునొప్పులూ కాదు. జనం మధ్య ఉంటే అలిసిపోయేవాడు, అంతే. అలాంటివాళ్ళు ఉంటారర్రా, నన్ను చూడటం లేదూ?

ఆ కాలంలో రాచబిడ్డల పెళ్ళిళ్ళకి ఒక ఆచారం ఉండేది. ఏటేటా హేలాపురి కోట ముందు మాటల పందిరి వేసేవారు. అన్ని రాజ్యాల రాకుమారులూ రాకుమార్తెలూ అక్కడికి చేరి, మూడు రోజులు కబుర్లు చెప్పుకోవాలి. మూడో రోజు పొద్దు వాలేవేళ, ప్రతి రాకుమారుడూ పందిరి నడుమ నిలబడి, తనకి నచ్చిన పిల్ల పేరు అందరూ వినేలా పిలవాలి. రాకుమారుడైనా కాకపోయినా, ముందు ఎవడు పిలిస్తే పిల్ల వాడి వెంట వెళ్ళాలి. నీకు ఇష్టమేనా అని పిల్లని అడిగే నాథుడు లేడు. దిక్కుమాలిన ఆచారం, కానీ ఉండేది మరి.

పెద్దవాడు మొదటి రోజే మాటలతో ఒక పిల్లని మెప్పించి, మూడో రోజు పిలుచుకొచ్చాడు. రెండోవాడు పాటతో మెప్పించి పిలుచుకొచ్చాడు. నీలకేతుడు ఒక ఏడు వెళ్ళాడు, ఉత్త చేతులతో వచ్చాడు. మరో ఏడు వెళ్ళాడు, ఉత్త చేతులతో వచ్చాడు. మూడో ఏడు వచ్చేసరికి రాజుకి ప్రాణం విసిగిపోయింది.

"ఒరే నీలా, ఆడపిల్లతో ఓ మాట మాట్లాడితే నీ సొమ్మేం పోయిందిరా?" అన్నాడు.

"మాట్లాడతాను నాన్నగారూ. నలుగురూ లేనిచోట."

"నలుగురూ లేనిచోట పిల్ల ఎక్కడ దొరుకుతుందిరా, నా తండ్రీ!" అని రాజు తలపట్టుకున్నాడు.

అప్పుడు పెద్దన్న తమ్ముణ్ణి పక్కకి తీసుకెళ్ళి, "ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మూడు ప్రశ్నలు బట్టీ పట్టు. మీ ఊళ్ళో వానలు బాగా పడ్డాయా? మీ నాన్నగారు కులాసానా? మీకు ఏ కూర ఇష్టం? ఈ మూడూ వరసగా అడుగు, మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారు," అని నేర్పాడు.

నీలకేతుడు దారిపొడుగునా ఆ మూడూ వల్లెవేసుకుంటూ హేలాపురి వెళ్ళాడు. పందిట్లో ఒక రాకుమార్తెని వానల సంగతి అడిగాడు. ఆవిడ మేఘాల దగ్గర మొదలుపెట్టి వరదల దాకా చెప్పింది. ఇంకో ఆవిణ్ణి నాన్నగారి కులాసా అడిగాడు. ఆవిడ నాన్నగారి మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి మూలశంక దాకా చెప్పింది. నవ్వకండర్రా. మూడో ఆవిణ్ణి ఏ కూర ఇష్టమో అడిగేలోపే చుట్టూ ఇంకో పదిమంది చేరి, అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలెట్టారు. నవ్వి నవ్వి నీలకేతుడికి బుగ్గలు నొప్పెట్టాయి, చెవులు గింగురుమన్నాయి. ఎటైనా పోతే బాగుండునని, పందిరి వెనక మజ్జిగ బానలు వరసగా పెట్టిన చోటికి వెళ్ళాడు.

అక్కడ అప్పటికే ఒకమ్మాయి బోర్లించిన గంగాళం మీద కూర్చుని ఉంది.

"ఇక్కడ చోటుందా?" అన్నాడు నీలకేతుడు.

"మాట్లాడకపోతే ఉంది," అంది ఆ అమ్మాయి.

ఆమె ఎవరనుకున్నారు? ఆ కోట రాజుగారి కూతురే, కువలయ. తన ఇంటి పందిట్లో తనే దాక్కుంది. ఆయనగారు బానకి ఈ పక్క, ఆవిడగారు ఆ పక్క కూర్చున్నారు. ఆమె రెండు ముంతల్లో మజ్జిగ ముంచి, ఒకటి ఇటు జరిపింది. అతను తాగాడు. ఆమె తాగింది. ఆ రోజుకి అంతే. రెండో రోజు ఇద్దరూ మళ్ళీ అక్కడికే వచ్చారు. చాలాసేపయ్యాక నీలకేతుడు, "మీకు ఏ కూర ఇష్టం?" అని అడిగాడు. "ఎవరు నేర్పారు ఇది?" అంది కువలయ. "మా అన్నయ్య," అన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. మూడో రోజు వాళ్ళు వాళ్ళ వాళ్ళ ఊళ్ళ సంగతులు కాస్త చెప్పుకున్నారు, కాస్త ఊరుకున్నారు. ఇన్నేళ్ళలో నీలకేతుడికి ఒక మనిషి పక్కన కూర్చుని లేచాక ఒళ్ళు తేలిగ్గా అనిపించడం అదే మొదటిసారి. ఈ పిల్ల లేకపోతే నేను బతకలేను అనుకున్నాడు. అనుకున్నాడే కానీ, పైకి అనలేదు.

పొద్దు వాలింది. పిలుపుల వేళ అయింది. నీలకేతుడు లేచి పందిట్లోకి వెళ్ళాడు. ఇసకేస్తే రాలనంత జనం. కాస్త జనం పలచబడనీ, అప్పుడు పిలుస్తాను అనుకున్నాడు. ఒక్కొక్కరే పిలుచుకుని వెళ్ళిపోతున్నారు. కువలయ స్తంభం పక్కన నిలబడి అతని వైపే చూస్తోంది. జనం కాస్త తగ్గారు. ఇంకాస్త తగ్గనీ అనుకున్నాడు. ఇంకాస్త తగ్గారు. ఈ ముసలాయన కూడా వెళ్ళిపోనీ అనుకున్నాడు.

ఇంతలో గాల్లోంచి ఒక ఉయ్యాలబల్ల దిగింది. దాని మీద ఘోషకంఠుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల వాడి దీవి. దిగీ దిగగానే, కోట గోడలు అదిరేలా "కువలయా!" అని పిలిచాడు. అయిపోయింది. ఆచారం ఆచారమే. హేలాపురి రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కానీ, మాట తప్పలేకపోయాడు. కువలయ వెళ్ళి ఉయ్యాలబల్ల ఎక్కింది. ఎక్కబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి నీలకేతుడి వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. అలిసిపోయినట్టు చూసింది. ఆ చూపుకి నీలకేతుడికి బతుకు మీదే రోత పుట్టింది.

ఇంటికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? కత్తి భుజాన వేసుకుని సముద్రం వైపు నడిచాడు.

నడిచాడు, నడిచాడు, నడిచాడు. ఒకచోట ఒక కాకి ఒంటరిగా కూర్చుని ఏడుస్తోంది. "ఏమైంది?" అన్నాడు. అంతే, కాకి తన గోడు చెప్పడం మొదలుపెట్టింది. గూడు కడితే కోయిల గుడ్లు పెట్టిపోయిందనీ, పెంచి పెద్దచేస్తే పిల్లలు ఎగిరిపోయాయనీ. నీలకేతుడు చెట్టుకి ఆనుకుని ఊఁ కొడుతూ విన్నాడు. వినడం అతనికి కష్టం కాదర్రా. నలుగురు ఒకేసారి మీదపడితేనే కష్టం. ఒక్కరు కూర్చుని చెప్పుకుంటే ఎంతసేపైనా వినేవాడు.

అంతా చెప్పుకున్నాక కాకికి గుండె బరువు తగ్గింది. నీ సంగతేమిటని అడిగితే, అతను కువలయ మాట చెప్పాడు. "ఇన్నాళ్ళకి నా మాట విన్నవాడివి నువ్వొక్కడివే. నువ్వు వెతికే పిల్లని చూశాను నాయనా. మెతుకుల కోసం ఆ దీవికి వెళ్తుంటాను. ఆ మాంత్రికుడికి వాగుడు తప్ప ఇంకోటి తెలీదు. ఈ పిల్ల నోరు మెదపదు కాబట్టి జన్మంతా తన సోది వింటుందని తెచ్చుకున్నాడు. నోరు మెదపనివాళ్ళకి ఇష్టాయిష్టాలు ఉండవనుకున్నాడు, మొద్దు వెధవ. ఆ పిల్లేమో, నీ గొప్పలన్నీ పుట్టిన దగ్గర్నుంచి చెప్పు, అవి పూర్తయ్యాకే పెళ్ళి అంది. వాడు చెప్తూనే ఉన్నాడు, పిల్ల ఆ తర్వాత, ఆ తర్వాత అంటూనే ఉంది. కానీ త్వరగా వెళ్ళు. మొన్న విన్నప్పుడు వాడి కథ నడివయసుకి వచ్చేసింది," అంది.

నీలకేతుడి గుండె గుభేలుమంది. పరుగున సముద్రం ఒడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఒక ముసలి తాబేలు. "నన్నెవరూ పలకరించరు," అంది. "నేను పలకరిస్తాను తాతా, నన్ను ఏడు సముద్రాలు దాటించు," అన్నాడు. మొదటి సముద్రం పొడుగునా తాబేలు కొడుకుల సంగతి చెప్పింది, అతను ఊఁ కొట్టాడు. రెండో సముద్రం పొడుగునా కోడళ్ళ సంగతి చెప్పింది, ఊఁ కొట్టాడు. మూడో సముద్రం నుంచీ మళ్ళీ కొడుకుల సంగతే. పాపం ఆ పిల్లాడు నిద్ర మొహంతో కూడా ఊఁ మానలేదు.

దీవి చేరాడు. కోట గోడ ఆకాశమంత ఎత్తు. గోడ కింద ఒక ఎలుక, పళ్ళనొప్పితో మూలుగుతోంది. దాని బాధా విన్నాడు. అది మురిసిపోయి, మనిషి పట్టేంత కన్నం తవ్వి, అతన్ని సరాసరి వంటింట్లోకి చేర్చింది. వంటింటి గుమ్మం నుంచి చూస్తే పెరడంతా రాతిబొమ్మలు. ఒక్కో బొమ్మా నోరు తెరుచుకుని ఉంది.

అప్పుడే కువలయ చెంబు పట్టుకుని నీళ్ళకి వచ్చింది. అతన్ని చూసి నిలబడిపోయింది. చిక్కి సగమైంది. కళ్ళ కింద నల్లచారలు.

"వచ్చావా?" అంది.

"వచ్చాను."

"గట్టిగా మాట్లాడకు. వాడికి గొంతు ఎండితే నీళ్ళు తెమ్మని పంపుతాడు, ఆ కాసేపే నాకు తీరిక. విను. వాడి ప్రాణం పెరట్లో జామచెట్టుకి కట్టిన పంజరంలో చిలకలో ఉంది. వాడే చెప్పుకున్నాడు, గొప్పగా. దగ్గరికి వెళ్ళినవాళ్ళని ఆ చిలక మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కదానికి జవాబు చెప్పినా రాయైపోతారు. ఆ బొమ్మలన్నీ అలా అయినవాళ్ళే. మూడింటికీ జవాబు రాకపోతే దాని ఊపిరి ఆగిపోతుంది. జాగ్రత్త, ఊఁ అన్నా జవాబు కిందే లెక్క."

"నువ్వే ఎందుకు వెళ్ళలేదు?"

"నీళ్ళ దారి వదిలి నేను నాలుగడుగులు పక్కకేస్తే వాడు వెనకే వస్తాడు. నాకు ఓపిక లేదు నీలకేతా. వాడి కథ నిన్నటికి మన పందిరి దాకా వచ్చేసింది. ఇవాళ పూర్తవుతుంది."

లోపల్నుంచి "నీళ్ళేవీ?" అని కేక వినపడింది. ఆమె వెళ్ళిపోయింది.

నీలకేతుడు పెరట్లోకి వెళ్ళాడు. జామచెట్టు పక్కనే కిటికీ, కిటికీ లోపల ఉయ్యాలబల్ల. మాంత్రికుడు ఊగుతూ "అప్పుడు నేనేమన్నానంటే" అని చెప్పుకుపోతున్నాడు. బయట ఎవరొచ్చారో వాడికి తెలిస్తేగా! వాడి చెవులు వాడి మాటలకే సరిపోయాయి.

చిలక తల పక్కకి వంచి, అచ్చం అమ్మలా మెత్తగా అడిగింది. "అన్నం తిన్నావా నాయనా?"

చూశారా దాని మాయ! ఆ మాట అడిగితే మనలో జవాబు చెప్పనివాళ్ళు ఎవరు? తిన్నామనో లేదనో నోరు దానంతటదే అనేస్తుంది. నీలకేతుడికి ఊఁ పళ్ళ దాకా వచ్చింది. ఉత్తరీయం కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకున్నాడు.

చిలక రెక్కలు విదిల్చి, ఈసారి వెటకారంగా అడిగింది. "కనకవీటి మూడో కొడుకు చేతకానివాడట, మూగమొద్దట, నిజమేనా?" ఆ మాట అతను చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఒళ్ళు మండింది. అయినా పలకలేదు.

చిలక కిటికీ వైపు తిరిగింది. దీవంతా వినపడేలా గొంతు పెంచి అడిగింది. "లోపల కూర్చున్న ఆ పిల్లంటే నీకు ఇష్టమా, కాదా?"

కిటికీలోంచి కువలయ చూస్తోంది. ఆమెకీ వినపడింది. ఇష్టం, ఇష్టం, ఇష్టం అని నీలకేతుడి ఒళ్ళంతా అరుస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. పెదవి మాత్రం కదపలేదు.

చిలక కాసేపు చూసింది. ముక్కు తెరిచింది, మూసింది. ఇంకో మాట అడగబోయి పంజరంలోనే ఒరిగిపోయింది. లోపల మాంత్రికుడు "అప్పుడు నేను హేలాపురి పందిట్లో దిగి," అంటూ అక్కడే ఆగిపోయాడు. ఉయ్యాలబల్ల మీద గుప్పెడు బూడిద మిగిలింది.

రాతిబొమ్మలకి ప్రాణం వచ్చింది. వచ్చీ రాగానే అందరూ ఒక్కసారే, "తిన్నానండీ, తమరు తిన్నారా?" అని మొదలెట్టారు. ఎవరో సన్మాన సభ పెడదామన్నారు. ఇంకెవరో నాలుగు మాటలు మాట్లాడతానని గొంతు సవరించుకున్నారు. నీలకేతుడూ కువలయా ఒకరి మొహం ఒకరు చూసుకుని, గోడ కన్నంలోంచి జారుకుని, ఒడ్డుకి చేరి తాబేలు ఎక్కేశారు.

హమ్మయ్య, కథ అయిపోయిందనుకున్నారా? నీలకేతుడూ అలాగే అనుకున్నాడు. ఆమె ఒక చివర కూర్చుంది, అతను ఒక చివర కూర్చున్నాడు. ఆరు సముద్రాలు దాటేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. హాయిగా ఉందనుకున్నాడు అతను. ఆమెకి హాయిగా లేదని ఆ మొద్దుకి తెలియలేదు.

ఏడో సముద్రం మధ్యలో తాబేలు అడిగింది. "ఎటు తిప్పను? కుడికైతే కనకవీడు, ఎడమకైతే హేలాపురి."

"హేలాపురి, తాతా," అంది కువలయ.

తాబేలు ఎడమకి తిరిగింది. నీలకేతుడు గతుక్కుమన్నాడు. "కువలయా," అన్నాడు.

"నువ్వు చిలకకి ఎందుకు జవాబు చెప్పలేదో నాకు తెలుసు," అంది కువలయ. "కానీ ఆ రోజు మా పందిట్లో చిలకేం లేదు కదా. నేను స్తంభం పక్కన నిలబడి ఎంతసేపు చూశాను! నాకూ నలుగుర్లో మాట్లాడటం చేతకాదు. నాకూ జనమంటే అలసటే. ఎక్కువ మాటలు నేను అడగను. కానీ ఒకాయన మాటలు వినీ వినీ అలిసిపోయాను. ఇప్పుడు నీ మనసులో ఏముందో ఊహించీ ఊహించీ అలిసిపోలేను. నన్ను ఇంటికి వెళ్ళి పడుకోనీ."

అక్కడ జనం లేరు. మాంత్రికుడు లేడు. చిలక లేదు. సముద్రం తప్ప ఏమీ లేదు. దూరంగా హేలాపురి కోట కనపడుతోంది, దగ్గరవుతోంది. మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ గాలే వచ్చింది.

చివరికి, ఆమె మొహం చూడలేక నీళ్ళకేసి చూస్తూ అన్నాడు. "నాకు అందరి దగ్గరా అలసటే. మా అమ్మ దగ్గర కూడా కాసేపటికి అలసటే. నీ పక్కన కూర్చుంటే అలసట ఉండదు. నువ్వు వెళ్ళిపోయాక అర్థమైంది, నేను ఇన్నేళ్ళూ ఎంత అలిసిపోయి ఉన్నానో. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఆ రోజు భయపడ్డాను. తప్పు నాదే. నేనంటే నీకు ఇష్టమేనా? లేదన్నా ఫర్వాలేదు, ఒడ్డున దింపి వెళ్తాను."

పుట్టి బుద్ధెరిగాక అతను ఒక్క ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆమెని ఆ మాట అడిగినవాడు కూడా అతనే మొదలు.

కువలయ చాలాసేపు ఊరుకుంది. తర్వాత జరిగి వచ్చి అతని పక్కన కూర్చుంది. తల అతని భుజానికి ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ఎటు తిప్పనమ్మా?" అంది తాబేలు.

"ఎటూ తిప్పకు తాతా," అంది కువలయ. "కాసేపు ఇక్కడే ఉండు."

తాబేలు గొణుక్కుంది. గొణుక్కున్నా, కదలకుండా అక్కడే తేలుతూ ఉంది.

తర్వాత పెళ్ళయింది. రెండు వైపుల అమ్మానాన్నలు, అన్నలు, వదినలు, అంతే జనం. భోజనాలవగానే ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. తీరు తెలిసిన మనుషులు! ప్రతాపసేనుడు వృద్ధుడయ్యాక, నా పెద్దకొడుకులిద్దరూ మాట్లాడతారు, మూడోవాడు వింటాడు, రాజ్యానికి వినేవాడు కావాలి అని నీలకేతుణ్ణే సింహాసనం ఎక్కించాడు. కువలయ రాణి కాగానే నాన్నగారితో చెప్పి పిలిచే ఆచారం తీయించేసింది. పిల్లని అడగాలి, ఆ పిల్ల సరేననాలి, ఎంతసేపటికి సరేనన్నా ఆగాలి అని చాటింపు వేయించింది. ప్రజలు ఒక్కొక్కరే వచ్చి తమ గోడు చెప్పుకునేవారు, రాజు వినేవాడు. అలా చాలా కాలం చల్లగా ఏలారు.

సాయంత్రం కొలువు ముగిసేసరికి ఇద్దరూ అలిసిపోయేవారు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. ఇక లోపల ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో, నాకేం తెలుసర్రా? తలుపు వేసుకున్నారంటున్నానా! కథ కూడా గుమ్మం బయటే ఆగిపోయింది.